ఎర్ర దారం చుట్ట

అద్దంకి,
12-1-2001

మరదలు నసీమున్నీసాకు బావ బుడాన్ దీవించి రాసేది. మీ ఆయన మాలిక్‌కి నా సలాం చెప్పు. మంగళగిరిలో మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఇంట్లో ఉన్నది నేనూ, దూది ఏకే విల్లూ. ఇద్దరం చెరో మూల పడి ఉన్నాం.

పరుపుల పని పడుకుంది. ఊళ్ళో జనం ఫోము పరుపుల మీద పడ్డారు. మొన్న ఒకరింట్లో మర్యాదకి కూర్చోమంటే దాని మీద కూర్చున్నాను. గుంటలోకి దిగబడిపోయాను. లేవగానే ఆ గుంట దానంతటదే పైకి ఉబికింది. బతికున్న జంతువు మీద కూర్చున్నట్టు ఒళ్ళు జలదరించింది. ఇంటికొచ్చి లుంగీ మార్చుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మీ అక్క కరీమున్ పోయి ఏడాది దాటింది. పోయేముందు డబ్బా నిండా చుట్టలు చుట్టి పెట్టిపోయింది. పిసినారిగా కాల్చుకుంటూ వచ్చాను. అవి అడుగంటాయి. పెళ్ళికి ముందు మా అమ్మ చుట్టేది, పెళ్ళయ్యాక మీ అక్క చుట్టింది. కాల్చడం తప్ప చుట్టడం నేనెన్నడూ పట్టించుకోలేదు. కొట్లో కొన్నవి కాలిస్తే గడ్డివాము కాలుస్తున్నట్టుంది. అందుకని ఈ వయసులో నేనే చుట్టడం మొదలుపెట్టాను.

మన పొరుగు దానయ్య వర్జీనియా పొగాకు రైతు కదా. ఈ ఏడు పొగాకు బోర్డు వాళ్ళు పంట వెయ్యొద్దన్నారని అతనూ ఖాళీ, ఆకు కాల్చే అతని బేరనూ ఖాళీ. మిగిలిపోయిన వర్జీనియా ఆకు కొంత, ఎక్కడినుంచో తెచ్చిన నాటాకు కొంత ఇచ్చాడు. పొద్దుగూకాక ఆకు మీద నీళ్ళు చిలకరించి గోనెపట్టా కప్పితే తెల్లారేసరికి మెత్తబడి పదునుకొస్తుంది. నడిమి ఈనె లాగేసి, చిరుగు ముక్కలు లోపల పెట్టి, చిల్లుల్లేని ఆకు పైన చుట్టి, కొస ఉమ్మితో అంటించి దారం కట్టాలి. ఇంతే కదా అనుకున్నాను. నేను చుడితే ఒకటి కాకరకాయలా, ఒకటి పిలక ముడిలా వస్తోంది. రూపం పోతే పోనీ, రుచి రావాలి కదా. అదీ రావడం లేదు.

మీరు అద్దంకి వచ్చినప్పుడల్లా మీ అక్క మాలిక్‌కి ఓ కట్ట ఇచ్చి పంపేది. ఆ చుట్ట రుచి నాకు కాక తెలిసినవాడు మాలిక్ ఒక్కడే. ఈ సంచిలో నల్ల దారంతో నాటాకువి, తెల్ల దారంతో వర్జీనియావి పంపుతున్నాను. కాల్చి, మీ అక్క చుట్టకి ఏది దగ్గరో రాయమను. సంచి ఊరికే పంపడం ఎందుకని ఎండుమిరపకాయలు కూడా పోశాను.

నజ్మీన్‌కి ఐదో నెల. వేటపాలెం నుంచి వియ్యంకుడు కబురు చేశాడు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. తల్లి లేని పిల్ల కాబట్టి పిన్నివి నువ్వే వచ్చి పురుడు చూడాలి. కాదనవని నాకు తెలుసు.

మీ బావ,
బుడాన్

786
మంగళగిరి,
25-1-2001

బావకు నసీమా సలాం. మీ దీవెన చేరింది, సంతోషం. దాంతోపాటు చేరిన సంచి సంగతే ఇప్పుడు రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను గానీ తగ్గేలా లేదు.

ఎండుమిరపకాయల సంచిలో చుట్టలు పెడతారా ఎవరైనా? ఆ కాయలు రెండు తుంచి పప్పులో తాలింపు వేశాను. మూకుట్లోంచి లేచిన కంపుకి మా వాకిట్లోకి కుక్క కూడా రాలేదు. పప్పు నోట్లో పెట్టుకుంటే చుట్టపీక నమిలినట్టుంది. గిన్నె గిన్నెంతా దొడ్లో పారబోసి, గిన్నె చింతపండు పెట్టి తోమి, ఎండలో బోర్లించినా ఇంకా వాసన వదల్లేదు.

ఇక మా ఆయన సంగతి. నల్ల దారంది రెండు దమ్ములు లాగి కళ్ళనీళ్ళు పెట్టుకుని గోడకి ఆనుకున్నారు. అగ్గిపెట్టె సగం ఖాళీ చేసినా అది ఆరిపోతూనే ఉంది. తెల్ల దారంది ముదురు పాకం మాడినట్టు తియ్యగా, వెగటుగా ఉందిట, నాలుక పొక్కింది. మిగిలినదాన్ని చొక్కా జేబులో వేసుకుని కొట్టుకి వెళ్ళారు. చేసేది చీరల కొట్లో. తెల్ల చేనేత చీర మడత విప్పి చూపిస్తుంటే కొనడానికొచ్చిన ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లేచిపోయింది. యజమాని నలుగురిలో చివాట్లు పెట్టాడు. ఇంటికొచ్చి ఆయన నా మీద అరిచారు. ఇదంతా మీ పుణ్యమే.

అన్నిటికన్నా రోత పుట్టించింది ఇంకొకటుంది. కొస ఉమ్మితో అంటించానని రాశారే, ఆ ముక్క నేను చదివేసరికి ఆయన అప్పటికే కాల్చేశారు. తోడల్లుడి ఎంగిలి నోట్లో పెట్టుకున్నానని రెండు రోజులు పళ్ళు తోముతూనే ఉన్నారు. అక్క గంజితో అంటించేది. అదైనా చూడలేదా మీరు?

నజ్మీన్ కాన్పు గురించి ఉన్నమాట చెప్తాను, నొచ్చుకోకండి. ఆ ఇంటికి నేను రాను, పిల్లనీ పంపనివ్వను. మీ ఇంట్లో గోడలు చేత్తో తడిమితే పసరు అంటుకుంటుంది. దుప్పట్లు కంపు, తాగే నీళ్ళు కంపు. మీ మంచం కింద ఇసుక పోసిన డబ్బా, దాన్నిండా మీ కళ్ళె. అక్క రోజూ కొంగుతో ముక్కు మూసుకుని దాన్ని పారబోసేది. ఎన్నిసార్లు చూశానో. ఆ పొగలో పచ్చి బాలింతనీ పసిగుడ్డునీ పడుకోబెడతారా? మీ దగ్గు చాలదా, దానికి కూడా అంటగట్టాలా?

చుట్ట మానండి. మానానని ఒక్క కార్డు ముక్క రాయండి. నేనే వేటపాలెం వెళ్ళి నజ్మీన్‌ని తీసుకొచ్చి మీ ఇంట్లో దింపి, నలభై రోజులూ దాని దగ్గరే ఉంటాను. మానలేకపోతే మంగళగిరిలోనే పురుడు పోస్తాను. ఇక్కడ మంచి డాక్టరమ్మ ఉంది.

నసీమా

అద్దంకి,
6-2-2001

నసీమాకు బావ రాసేది. నీ ఉత్తరం అందింది. మిరపకాయలు పాడైనందుకు మళ్ళీ పంపుతాను, ఈసారి విడిగా.

మంచి డాక్టరమ్మ ఉందని రాశావు. అద్దంకిలో డాక్టర్లు లేరా? నజ్మీన్ పుట్టింది ఈ ఇంట్లోనే, ఈ పొగలోనే. దానికి తల్లి ఎలాగూ లేదు. పుట్టిల్లు కూడా లేకుండా చేద్దామని చూస్తున్నావు. మీ ఇంట్లో పురుడు జరిగితే వేటపాలెం వాళ్ళు ఏమంటారు? తండ్రి బతికుండి కూతురికి పురుడు పోయలేకపోయాడంటారు. ఆ మాట నేను పడను. నీ కోపం చుట్ట మీదా నా మీదా, తేల్చుకుని రాయి.

మానమన్నావు. నేను మానననలేదు. ఒట్టేసి చెప్తున్నాను, మానేస్తాను. కానీ మీ అక్క చుట్టలాంటిది ఒకటి, ఒకే ఒక్కటి తృప్తిగా కాల్చి అప్పుడు మానేస్తాను. ఆ తర్వాత ఇంట్లో అగ్గిపెట్టె కూడా ఉంచను. ఈ చెత్త చుట్టలతో మానితే చచ్చేదాకా నాకు ఆ వెలితి ఉండిపోతుంది.

నీకిది తిక్కగా కనబడుతుందని తెలుసు. నువ్వు పొగ తాగినదానివి కావు, ఎలా చెప్పను. మీ అక్క చుట్ట ఆరేది కాదు. గట్టు మీద పెట్టి అన్నం తిని వచ్చినా సన్నగా రగులుతూనే ఉండేది. చివరికొచ్చేసరికి నూనెలాంటి ఒక కమ్మటి వాసన తగిలేది. అది ఏ ఆకుదో ఇప్పటికీ అంతుబట్టలేదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక గడపలో అటు తిరిగి కూర్చుని చుట్టేది. నేను వెలిగించగానే చేస్తున్న పని ఆపి, అక్కడే నిలబడి, "బాగుందా?" అని అడిగేది. ఇన్నేళ్ళలో అడగని రోజు లేదు. "భేషుగ్గా ఉంది కరీమున్" అనేవాణ్ణి. తల దించుకుని లోపలికి పోయేది. మొగుడు మెచ్చుకుంటే అంత సిగ్గుపడే ఆడమనిషిని నేనెక్కడా చూడలేదు. ఆసుపత్రికి పోయే రోజున కూడా ఆటో ఆపించి చుట్టల డబ్బా ఎక్కడుందో చెప్పి మరీ పోయింది. అలాంటి మనిషి చేతి రుచి అది. నువ్వు కంపు అంటున్నావు.

దానయ్య గోదావరి లంకాకు తెప్పిస్తానన్నాడు, వినుకొండ వైపు నుంచి బర్లీ ఆకు కూడా వస్తుంది. అవి చుట్టి పంపుతాను. ఈసారి గంజితోనే అంటిస్తాను. మాలిక్‌ని మాత్రం బెదిరించకు, నిజం రాయనీ.

బుడాన్

786
మంగళగిరి,
2-3-2001

బావకు సలాం.

బస్సు కండక్టరు చేతికిచ్చిన పొట్లం నిన్న చేరింది. లోపల చీటీ లేదు, చుట్టలు మాత్రం ఉన్నాయి. నీలం దారం, పసుపు దారం, ఎర్ర దారం. ఏది ఏ ఆకో మీరు రాయలేదు. రాసినా నాకొకటే. కాన్పు గొడవ తేలాలి కాబట్టి, మీ ఒట్టు మీరు నిలబెట్టుకోవాలి కాబట్టి, నా చేత్తో నేనే ఆయనకి వెలిగించి ఇచ్చాను. దొడ్లో, గాలివాటు చూసి కూర్చోబెట్టాను. నా జన్మలో ఇంత నీచమైన పని చేస్తాననుకోలేదు.

నీలం దారంది లాగగానే ఆయనకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ముఖం చెమటలు పట్టి, తల తిరుగుతోందని బావి గట్టు పట్టుకున్నారు. మజ్జిగ తాగిస్తే అదీ కక్కారు. ఆ కక్కింది కడిగింది నేనే. పసుపు దారంది దానికి పూర్తి విరుద్ధం, ఎండుటాకు అంటుకున్నట్టు భగ్గుమని మీసం కొస కాల్చింది. ఎంతో ముచ్చటపడి పెంచుకున్న మీసం. ఇప్పుడు ఒక వైపు కురచగా ఉంది, కొట్లో వాళ్ళు నవ్వుతున్నారు.

ఎర్ర దారంది ఉంది చూశారూ, దాని గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. మిగతావి పొగాకు కంపు, సరే. ఇది వేరే కంపు. వెంట్రుకలు కాలినట్టు, ఆముదం మాడినట్టు, తలంటుకోని మనిషి పక్కన కూర్చున్నట్టు. ఇన్ని రోతల్లోకీ ఇదే పెద్ద రోత. దీన్ని చుట్టిన చేతిని సబ్బు పెట్టి కడుక్కోండి, ఆ ఆకు ఇచ్చినవాడితో మాట్లాడకండి. మా ఆయన మాత్రం సగం దాకా లాగి, ఇదేదో తెలిసిన రుచిలా ఉందే అన్నారు. నీలం దారం దెబ్బకి ఆయన నాలుక చచ్చిపోయింది కాబట్టి ఆ మాట లెక్కలోకి తీసుకోకండి. నేను లాక్కుని గోడవారకి విసిరేశాను. పొద్దుగూకేదాకా అక్కడ రగులుతూనే ఉంది పాడుముండాది, చెంబుడు నీళ్ళు పోస్తేగానీ ఆరి చావలేదు.

బావా, ఇక చాలు. ఏడో నెల వచ్చేస్తోంది. నజ్మీన్ నాకు ఉత్తరం రాసింది, "నాన్న మానేశారా పిన్నీ" అని. పుట్టింటికే రావాలని దానికీ ఉంది. నేనేం జవాబు రాయను?

నసీమా

అద్దంకి,
9-3-2001

నసీమున్నీసాకు.

పొట్లం ఇచ్చిన రోజే విడిగా కార్డు రాసి పోస్టులో వేశాను. నీలం లంకాకు, పసుపు బర్లీ, ఎర్రది మీ అక్క చుట్టినది అని స్పష్టంగా రాశాను. మాలిక్ ముందు ఎర్రదే రెండు దమ్ములు లాగి రుచి గుర్తుచేసుకుని, ఆర్పి, మిగిలినది జాగ్రత్తగా తిరిగి పంపాలని కూడా రాశాను. కార్డు చేరలేదని నేను అనుకోను. చేరి ఉంటుంది. నీకు చదవబుద్ధి కాలేదు.

అది డబ్బాలో ఆఖరుది, నమూనాకని కాల్చకుండా దాచింది. దాని తర్వాత మీ అక్క చేతిది ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. దాన్ని రోత అన్నావు. గోడవారకి విసిరేశావు. చుట్టిన చేతిని సబ్బుతో కడుక్కోమన్నావు. ఆ చేతిని కడిగించి, గుడ్డ చుట్టించి, మట్టిలో పెట్టి వచ్చాను నేను. ఒక తల్లి కడుపున పుట్టారు మీరిద్దరూ. నాకు నిన్ను తలుచుకుంటే అసహ్యం వేస్తోంది.

నువ్వు రావద్దు. నజ్మీన్‌ని నేనే తీసుకొస్తాను, పురుడు నేనే చూసుకుంటాను, మంత్రసాని ఉంది. ఆ ముక్క దొరికితే పంపు.

బుడాన్

786
మంగళగిరి,
20-3-2001

బావకు నసీమా సలాం. మీ కార్డు నిజంగానే నా ఉత్తరం వేసిన రెండో రోజున వచ్చింది. దాని మీద పోస్టు ముద్ర ఉంది, అద్దంకి వచ్చినప్పుడు చూపిస్తాను. అది అక్కదని తెలిశాక అన్నం సహించలేదు. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను, అక్క మీద నాకు ప్రేమ లేదనే మాట మాత్రం పడను.

గోడవారన, చాకిరేవు బండ పక్కన ఆ ముక్క దొరికింది. కాగితంలో చుట్టి మీకు పంపుదామని తీస్తే కాలిన దారం తెగి ఆకు విచ్చుకుంది. లోపలున్నది చూశాను. ఇది మీకు రాయాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడ్డాను. రాయకపోతే నజ్మీన్‌కి పుట్టిల్లు దక్కదు. కాబట్టి రాస్తున్నాను. మంచం మీద కూర్చుని చదవండి.

లోపల పొగాకు సగమే. తక్కినది దూది. కొత్త దూది కాదు బావా. నేనూ దూది ఏకే ఇంట్లో పుట్టినదాన్నే, చూస్తే పోల్చుకోలేనా? జనం పాత దిండ్లు ఏకడానికిస్తే, తల ఆనిన చోట నూనె, చెమట పీల్చి నల్లగా ఉండ కట్టి ఉంటుందే, విల్లుకి చిక్కదని పక్కన పారేస్తామే, ఆ దూది. ఏరిపారెయ్యడం అక్క పనే కదా మీ ఇంట్లో. ఆ ఉండలు పీచుగా విడదీసి, నాటాకుతో కలిపి, పైన మంచి ఆకు చుట్టింది. దూది కాబట్టే ఆరేది కాదు. మీకు కమ్మగా తగిలిన నూనె వాసన ఏ ఆకుదీ కాదు. ఊళ్ళోవాళ్ళ తలలది.

ఎవరెవరి దిండ్లు! చుండ్రు తలలు, పుండ్ల తలలు, జ్వరం పడి లేచినవాళ్ళవి, చొంగ కార్చుకునే ముసలాళ్ళవి. మీ ఇంటికి దిండు రాని గడప అద్దంకిలో ఉందా? అవన్నీ మీ ఛాతీలోకి పోయాయి. మీ ఒక్కరి ఛాతీలోకే కాదు. మా ఆయనకి చెప్పాను, లేచి దొడ్లోకి పోయారు. ఇప్పటికీ ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూనే ఉన్నారు. దిండు కూడా తీసేసి చేయి తల కింద పెట్టుకుని పడుకుంటున్నారు. అక్క ఇచ్చిన కట్ట ఎంత మురిపెంగా జేబులో పెట్టుకుని, కాల్చుకోడానికి వీధిలోకి పోయేవారో నేనే చూశాను.

ఎందుకు చేసిందంటారా? అక్కకి మీ చుట్టంటే పరమ అసహ్యం. మీకు చెప్పలేదా? చెప్పే ఉంటుంది, మీరు విని ఉండరు. ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు నాతో అంది: "వేపాకు పొడి కలిపానే, మానలేదు. కాకర రసం పూశాను, మానలేదు. మిరపగింజలు పెట్టాను, తుమ్మి తుమ్మి మళ్ళీ వెలిగించాడు. ఇప్పుడు చేసేది చెప్తే నువ్వు నా చేతి నీళ్ళు కూడా తాగవు." నవ్వింది గానీ ఎంత అడిగినా చెప్పలేదు. రోత పుట్టి పారేస్తారని పెట్టింది. మీరు భేషుగ్గా ఉందన్నారు.

మీ ఒట్టు మీకు గుర్తుందనుకుంటాను. అక్క చుట్టలాంటిది ఒక్కటి కాల్చి మానేస్తానన్నారు. ఎలా చుట్టాలో ఇప్పుడు తెలిసింది. ఒక పాత దిండు విప్పుకోండి, ఒక్కటి చుట్టి కాల్చండి, ఆ తర్వాత అగ్గిపెట్టె వీధిలో పారేయండి.

నసీమా

786
మంగళగిరి,
10-4-2001

బావకు సలాం. నా ఉత్తరానికి జవాబు లేదు. వేటపాలెం నుంచి నజ్మీన్ రాసింది, తీసుకెళ్తానన్న నాన్న రాలేదని, సంచి సర్దుకుని రోజూ గుమ్మంలో చూస్తున్నానని. అత్తగారు ఏదో ఒకటి అంటోందిట. మీకు నా మీద కోపమైతే నన్ను తిట్టండి, పిల్లని ఏడిపించకండి. ఈ నెలాఖరులోగా మీ కార్డు రాకపోతే నేనే వెళ్ళి మంగళగిరికి తెచ్చుకుంటాను. మీ ఒంట్లో ఎలా ఉంది? అదైనా రాయండి.

నసీమా

అద్దంకి,
18-4-2001

మరదలు నసీమాకు బావ బుడాన్ దీవెనలు.

నీ ఉత్తరం చదివి చించి పొయ్యిలో పడేశాను. చుట్ట మానిపించడానికి అబద్ధం అల్లావనుకున్నాను. చనిపోయిన అక్క మీద ఇంత మురికి పోస్తావా అని పళ్ళు నూరుకున్నాను. నాలుగు రోజులు దానయ్య నాటాకే కాల్చాను, పంతానికి. ఆరిపోతుంటే వెలిగించుకుంటూ, దగ్గుకుంటూ.

తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెళ్ళైన కొత్తలో చుట్ట చేదుగా ఉంటే, ఆకు చేదని ఆకు అమ్మినవాణ్ణి తిట్టాను. తుమ్ములొచ్చినప్పుడు జలుబు అనుకున్నాను. ఒకసారి, నజ్మీన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, చుట్ట ఊరికే ఆరిపోయింది, వాసనా లేదు. "నీ చేతికేమైంది?" అని మీ అక్క ముందే విసిరికొట్టాను. మర్నాటినుంచి మళ్ళీ మామూలుగానే ఉంది. ఆ ఒక్క రోజూ దూది పెట్టలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఇంకా జిడ్డుది, ఇంకా మురికిది పెడితే ఏదో ఒక రోజు ఈ మనిషికి రోత పుట్టకపోతుందా అని చూసి ఉంటుంది. గడపలో నిలబడి "బాగుందా?" అని అడిగింది మెప్పు కోసం కాదు నసీమా. బాగాలేదంటానేమోనని. నేను భేషుగ్గా ఉందన్నప్పుడల్లా తల దించుకుని లోపలికి పోయింది సిగ్గుతో కాదు.

ఒట్టు వేశాను కాబట్టి ఒక్కటి చుడదామని పాత దిండు కోసం తిరిగాను. ఎవరింట్లోనూ లేదు, అంతా ఫోమే. దానయ్య తన దిండు ఇస్తానన్నాడు. ఇస్తానంటూ తల గోక్కున్నాడు, ఆ గోళ్ళు చూసి వద్దన్నాను. ఇన్నాళ్ళూ అలాంటివే పీల్చినవాణ్ణి కదా, అప్పుడు తెలియలేదు. అప్పుడు అటక మీద మీ అక్క దిండు గుర్తొచ్చింది. ఆమె పోయినప్పుడు చాపతో పాటు పైన పెట్టాను, మళ్ళీ దింపలేదు.

కుట్టు విప్పాను. నడిమధ్య చిన్న ఉండ, పసుపుగా. మెంతులు వేసి కాచిన కొబ్బరినూనె వాసన ఇంకా ఉంది. చిటికెడు తీసి, పీచు చేసి, నాటాకులో పెట్టి చుట్టి, గంజితో అంటించి, ఎండబెట్టి వెలిగించాను. ఒక్క పుల్లకే అంటుకుంది. ఆరలేదు. అదే రుచి. ఎన్ని ఆకులు మార్చినా రానిది, అచ్చం అదే వచ్చింది. అలవాటుగా గడప వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

అప్పుడు పైకే అన్నాను, "ఛీ, బాగాలేదు కరీమున్" అని. నిజంగానే బాగాలేదు. నా పెళ్ళాం తలనూనె తగలబెట్టుకుని పొగ మింగుతున్నాను, అదీ ఇష్టంగా. వాకిట్లో కూర్చుని, పొద్దున తాగిన టీ దగ్గర్నించీ అంతా కక్కాను. పక్కన పెట్టిన చుట్ట అంతసేపూ రగులుతూనే ఉంది. ఎంత నలిపినా ఆరలేదు. చివరికి కుడితి తొట్టిలో ముంచాను.

ఆ రోజు నుంచి ముట్టలేదు. ముట్టాలని అనిపించడం లేదు, పొగాకు పేరెత్తితే ఆ వాసన గొంతులోకి వస్తోంది. ఇసుక డబ్బా ఊరి బయట పూడ్చి వచ్చాను. పూడ్చేటప్పుడు లోపలికి చూశాను, మీ అక్క ఇన్నేళ్ళు ఏం పారబోసిందో అప్పుడు తెలిసింది. గోడలకి సున్నం వేయిస్తున్నాను. పైపూత వేస్తే కిందనుంచి పసుపు ఊరుతోంది, మళ్ళీ గీకి వేయిస్తున్నాను. దుప్పట్లు చాకలికి వేశాను. మాలిక్‌ని క్షమించమన్నానని చెప్పు.

నజ్మీన్‌ని తీసుకురా. నువ్వూ రా. రావద్దని రాసింది నేనే, ఆ కాగితం ఉంటే చించెయ్యి.

దిండు విప్పింది విప్పినట్టే ఉంది. తిరిగి ఏకి కొత్త గలీబులో కుట్టనా, ఆ ఉండ తీసి పారెయ్యనా? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

బుడాన్

786
మంగళగిరి,
24-4-2001

బావకు నసీమా సలాం.

శుక్రవారం వేటపాలెం వెళ్ళి నజ్మీన్‌ని తీసుకుని శనివారం మధ్యాహ్నానికి అద్దంకిలో దిగుతాం. బండి పెట్టుకుని బస్టాండుకి రండి, నజ్మీన్‌ని నడిపించొద్దు. ఇంటి గుమ్మంలో నిలబడి ముందు నేను వాసన చూస్తాను, ఆ తర్వాతే సంచులు లోపల పెడతాను. చెప్పలేదనకండి. సున్నం మూడో పూత కూడా వేయించండి. మా ఆయన మిమ్మల్ని క్షమించారు గానీ, మీ ఇంట్లో దిండు మాత్రం వేసుకోనన్నారు.

అక్క దిండు ఏకకండి. ఎండలో కూడా పెట్టకండి. ఆ ఉండ తీయకుండా, ఉన్నదున్నట్టు, అదే పాత గలీబులో కుట్టెయ్యండి. అక్కడున్నన్నాళ్ళూ నేను దాని మీదే పడుకుంటాను.

నసీమా